ముఖానికి సూది: సౌందర్య ఇంజెక్షన్ల చరిత్ర, దాని ఆధారాలు



చరిత్రకు ఆధారాలు ఏవని అడిగితే శాసనాలు, నాణేలు, కైఫియత్తులు, ప్రభుత్వ దస్త్రాలు అని మీరు వెంటనే చెప్పగలరు. గత పాఠాల్లో వాటిని పరిశీలించాం. ఈ పాఠానికి మనం తీసుకున్న ఆధారం మనిషి ముఖం. గడచిన నూట పాతికేళ్లలో ముఖాన్ని తీర్చిదిద్దడానికి చర్మం కిందికి ఏమేమి ఎక్కించారు? అవి పడవలసిన చోట పడకపోతే ఏం జరిగింది? ఆ జరిగిన సంగతి మనకు ఎలా తెలిసింది? ఈ మూడు ప్రశ్నల్లో మూడవదే నా చేత ఈ పాఠం రాయించింది. దానికి కారణం మా కుటుంబంలోనే ఉంది.

మా మేనకోడలిది రేపల్లె. నలభై ఎనిమిదేళ్ల మనిషి. కూతురి పెళ్లి మూడు వారాలుందనగా, ఎవరో చెప్పిన మాట మీద ఒక క్లినిక్‌కు వెళ్లి కనుబొమల మధ్య, కళ్ల కింద ఇంజెక్షన్లు చేయించుకుంది. ఆ క్లినిక్ పేరు, అది ఉన్న ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. అయిదో రోజుకు కుడి కనురెప్ప కిందికి వాలింది. పెళ్లి ఆల్బమ్ తిరగేస్తే ప్రతి ఫొటోలోనూ ఆమె గడ్డం కాస్త పైకెత్తి, కుడి కనుబొమను బలవంతాన లేపి కనిపిస్తుంది. వాలిన రెప్ప చూపుకు అడ్డం వస్తుంటే మనిషి తనకు తెలియకుండానే అలా చేస్తాడు. బంధువులందరికీ కళ్లకలక అని చెప్పింది. నాకు మాత్రం ఫోన్ చేసి, "మావయ్యా, ఈ సంగతి ఎవరితోనూ అనబాకు. అందం కోసం పోయి ఇలా చేసుకొచ్చుకున్నానని తెలిస్తే వియ్యాలవారి ముందు తలెత్తుకోలేను" అన్నది.

రెప్ప మూడు నెలలకు తనంతట తానే లేచింది. ఎడమ కంటి కింద శనగగింజంత గడ్డ మాత్రం ఏడాదిన్నర దాటినా పోలేదు. పొద్దున లేచేసరికి ఉబ్బుతుంది, సాయంత్రానికి కొంత తగ్గుతుంది. గుంటూరులో ఒక కంటి డాక్టరు గారికి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ ఏం ఎక్కించారమ్మా?" అని. ఆమెకు తెలియదు. ఆమె దగ్గర ఉన్నదల్లా ఫోన్‌లో డబ్బు కట్టిన రసీదు. అందులో ఎంత కట్టిందో ఉంది, దేనికి కట్టిందో లేదు.

ముప్ఫై అయిదేళ్లు చరిత్ర బోధించిన నాకు ఆ ప్రశ్న చాలా పాత పరిచయం. ఆధారం ఉంది, దాని పుట్టుక తెలియదు. ఈ సంగతి మీకు చెప్పడానికి ఇప్పుడు ఆమె ఒప్పుకుంది. పేరు వద్దన్నది, అంతే.

పూతల కాలం

మన ప్రాంతానికి ముఖాలంకరణ కొత్త కాదు. తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అన్న పేరుంది. ఆ పేరుకు తగ్గట్టు నాటకాల వాళ్లూ, తర్వాత సినిమాల వాళ్లూ ఈ గడ్డ మీద ఎందరో. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారిని తీసుకోండి. తెనాలి శ్రీరామ విలాస సభ నటుడిగా ఆయన సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలు ధరించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడి ముఖాన్ని సత్యభామ ముఖంగా మార్చినది పూత, కనుబొమల దిద్దుబాటు, వాటికి మించి అభినయం. నాటకం అయ్యాక నూనె రాసి తుడిచి కడిగితే ఆ ముఖం నీళ్లలో కలిసిపోయేది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

పూతలు నిరపాయమైనవని నేను అనడం లేదు. భాగవత మేళాలవారూ, వీధి నాటకాలవారూ ముఖానికి పూసుకున్న పచ్చటి అర్దళం ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. ఐరోపాలో రంగస్థలం మీదా, దొరల ఇళ్లలోనూ శతాబ్దాల పాటు పూసిన తెల్లరంగు సీసపు సమ్మేళనం. మన దేశంలో 1940లో ఔషధాల చట్టంగా మొదలైనది 1960వ దశకంలో సౌందర్య సాధనాలను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలిపిన సౌందర్య సాధనాలను తయారు చేయకూడదని దాని కింది నిబంధనలు చెబుతాయి. అయినా పూతకూ సూదికీ ఒక పెద్ద తేడా ఉంది. పూత ఎక్కడ పడిందో అద్దంలో కనిపిస్తుంది, తప్పితే తుడిచి మళ్లీ దిద్దుకోవచ్చు. సూది మొన చర్మం కింద ఎక్కడ ఆగిందో వేయించుకున్నవారికి కనిపించదు. వేసినవారికి కూడా అన్నిసార్లూ తెలియదు.

మైనం

సౌందర్య ఇంజెక్షన్ల చరిత్రను సాధారణంగా 1899లో, వియన్నా నగరంలో మొదలుపెడతారు. రాబర్ట్ గెర్సునీ అనే శస్త్రవైద్యుడు, క్షయవ్యాధి వల్ల వృషణాలు తీసేసిన ఒక యువకుడికి ఆ లోటు పైకి కనిపించకుండా వాజిలిన్ ఎక్కించాడు. ఫలితం బాగుందని మరుసటి ఏడాది ప్రచురించాడు. కొద్ది ఏళ్లలోనే వాజిలిన్, దాని తోబుట్టువైన పారఫిన్ మైనం ఐరోపా, అమెరికా వైద్యుల సిరంజిలలోకి చేరాయి. సుఖవ్యాధి వల్ల కుంగిపోయిన ముక్కును లేపడానికి, చెంపల గుంటలు పూడ్చడానికి, చివరకు ఉత్త ముడతల కోసం కూడా మైనాన్ని కరిగించి ఎక్కించారు.

మొదటి ఏడాది అంతా బాగానే ఉండేది. అసలు చిక్కు అక్కడే ఉంది. మైనాన్ని శరీరం అరిగించుకోలేదు, బయటికి నెట్టనూ లేదు. దాని చుట్టూ గట్టి కణజాలం పెరిగి, నెలలకో ఏళ్లకో గడ్డలుగా తేలేది. ఈ గడ్డలకు పారఫినోమా అని పేరు పెట్టారు. కొందరిలో అది బరువుకు కిందికి జారింది. సూది రక్తనాళంలో పడినప్పుడు మైనం ఊపిరితిత్తుల్లో అడ్డుపడిన కేసులు, చూపు పోయిన కేసులు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలోనే వైద్య పత్రికలకెక్కాయి. అందగత్తెగా ఐరోపా అంతటా పేరు పొందిన గ్లాడిస్ డీకన్ యవ్వనంలో ముక్కు దూలం తీరుగా ఉండాలని మైనం ఎక్కించుకుంది. అది గడ్డం వైపు జారి ముఖం వికారమైంది. తరువాత ఆమె మార్ల్‌బరో డ్యూక్ భార్య అయింది. అంత సంపద కూడా ఆ మైనాన్ని వెనక్కి తీయలేకపోయింది.

న్యూయార్క్ వైద్యుడు ఫ్రెడరిక్ స్ట్రేంజ్ కోల్ 1911లో సౌందర్య శస్త్రచికిత్స మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. మైనం ఇంజెక్షన్ల వల్ల కలిగే ఉపద్రవాలను అందులో ఒక్కొక్కటిగా రాశాడు. గమనించండి, ఆయన మైనానికి శత్రువు కాడు, తానే వాడినవాడు. తన పద్ధతి వల్ల ఏమేమి చెడగలవో రాసిపెట్టాడు గనుకనే ఈ రోజు మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. నా లెక్కలో ఆయన రాసిన చికిత్సల కన్నా ఆ ఉపద్రవాల పట్టికే విలువైనది.

మైనం తర్వాత వంతు సిలికోన్ ద్రవానిది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లోనూ, ఆ తర్వాత అమెరికాలోనూ పరిశ్రమల కోసం తయారైన సిలికోన్‌ను మనుషుల ఒంట్లోకి ఎక్కించారు. కథ మైనం కథే. లాస్‌వేగాస్ నృత్యకారిణులు గడ్డలతో ఆసుపత్రులకు చేరాక, 1970వ దశకంలో నెవాడా రాష్ట్రం ఆ ఇంజెక్షన్‌ను నేరంగా ప్రకటించింది.

విషం మందుగా మారడం

ఇప్పుడు మీరు బోర్డుల మీద చూసే బొటాక్స్ కథ పూర్తిగా వేరే దారిలో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలోని వ్యూర్టెంబర్గ్ ప్రాంతంలో చెడిపోయిన మాంసపు సాసేజీలు తిని జనం చనిపోయేవారు. జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు, కవి కూడా, ఆ మరణాలను వరసగా నమోదు చేసి 1820లోనూ, 1822లోనూ పుస్తకాలు వెలువరించాడు. రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చూపు రెండుగా కనబడడం వంటి లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. ఈ విషాన్ని అతి తక్కువ మోతాదులో ఇస్తే అదుపు తప్పిన నరాలను శాంతింపజేయవచ్చని కూడా ఆయన ఊహించాడు. లాటిన్‌లో బొటులస్ అంటే సాసేజీ. పేరు అక్కడి నుంచే వచ్చింది.

1895లో బెల్జియంలోని ఎలెజెల్ గ్రామంలో ఒక అంత్యక్రియకు వాయించడానికి వచ్చిన బ్యాండు వాళ్లు చెడిన పంది మాంసం తిని జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఎమీల్ వాన్ ఎర్మెన్‌గెమ్ ఆ మాంసం నుంచి బాక్టీరియాను వేరుచేసి 1897లో ప్రచురించాడు. ఆ తర్వాత దీని చరిత్ర చాలాకాలం ఆహార విషాల చరిత్రే, మధ్యలో కొంత యుద్ధాయుధాల చరిత్ర.

దాన్ని వైద్యంలోకి తెచ్చినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్. ఆయనకు కావలసింది అందం కాదు. మెల్లకన్నుకు కత్తి పెట్టకుండా వైద్యం చేయాలనుకున్నాడు. కనుగుడ్డును ఒక వైపు ఎక్కువగా లాగుతున్న కండరంలోకి ఈ విషాన్ని అతి స్వల్పంగా ఇస్తే ఆ లాగుడు తగ్గుతుంది. కోతుల మీద చేసిన ప్రయోగాలు 1973లో, మనుషుల మీది ఫలితాలు 1980లో ప్రచురించాడు. సూది సరైన కండరంలోనే ఉందని తెలుసుకోవడానికి, కండరపు విద్యుత్ సంకేతాన్ని వినిపించే పరికరాన్ని సూదికి జతచేసుకున్నాడు. అంత జాగ్రత్తలోనూ కొందరు రోగుల్లో రెప్ప వాలడం కనిపించింది, దాన్నీ నమోదు చేశాడు. అమెరికా ప్రభుత్వ అనుమతి 1989లో వచ్చింది, మెల్లకన్నుకూ, రెప్పలు అదుపు లేకుండా మూసుకుపోయే వ్యాధికీ.

ముడతల సంగతి ఆ తర్వాతిది. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ అనే కంటి వైద్యురాలు రెప్పల వ్యాధికి ఈ మందు ఇస్తుండగా, 1987లో ఒక రోగి తన నుదుటి గీతలు కూడా పోతున్నాయని చెప్పింది. జీన్ భర్త ఆలస్టేర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ ఫలితాలు ప్రచురించారు. కనుబొమల మధ్య గీతల కోసం అమెరికా అనుమతి 2002 ఏప్రిల్‌లో వచ్చింది. మెల్లకన్ను వైద్యుడు పరికరం పెట్టి వెతుక్కున్న చోటును, ఇప్పుడు ఎంతోమంది వేలితో తడిమి గుర్తుపెట్టుకుంటున్నారు.

సూది పడిన చోటు

మా మేనకోడలి రెప్ప ఎందుకు వాలింది? ఈ మందు నరం చివర నుంచి కండరానికి అందే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల కానివ్వదు. సంకేతం అందని కండరం వదులవుతుంది. కనుబొమలను ముడిచే కండరం వదులైతే ముడత పోతుంది. కానీ దానికి కాస్త కిందుగా, కంటి గూటి లోపల, పై రెప్పను ఎత్తే సన్నని కండరం ఒకటి ఉంది. మందు కంటి గూటి ఎముక అంచుకు మరీ దగ్గరగా పడినా, ఎక్కువ నీళ్లలో కలిపి ఇవ్వడం వల్ల పాకినా, ఆ రెండో కండరం కూడా వదులవుతుంది. అందుకే సూది ఆ అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన ఉండాలని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఒక సెంటీమీటరంటే మన చిటికెన వేలి వెడల్పు కూడా సరిగా ఉండదు. నోటి పక్కన ఇలాగే తప్పితే నవ్వు వంకరవుతుంది. నుదుటి మీద మరీ కిందికి పడితే కనుబొమలే బరువుగా దిగుతాయి.

ఈ మందుతో ఒక ఊరట ఉంది. నరం చివరలు మళ్లీ పనిచేయడం మొదలుపెడతాయి గనుక మూడు నాలుగు నెలల్లో దాని ప్రభావం పోతుంది. ఆ లోపల రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తడానికి అప్రాక్లోనిడిన్ అనే చుక్కలు కంటి డాక్టర్లు రాస్తుంటారు. మా అమ్మాయి పెళ్లి రోజుల్లోనే డాక్టరు దగ్గరకు వెళ్లి ఉంటే ఆ చుక్కలు దొరికేవి. సిగ్గు వెళ్లనివ్వలేదు.

కంటి కింది గడ్డ వేరే జాతికి చెందినది. అక్కడ పడింది బొటాక్స్ కాదు, ఫిల్లర్. అంటే పల్లాన్ని పూడ్చే జెల్. ఇప్పుడు ఎక్కువగా వాడేది హయలూరానిక్ ఆమ్లం. దీన్ని 1934లో న్యూయార్క్‌లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు ఆవు కంటి లోపలి జెల్ నుంచి వేరుచేశారు. కంటి నుంచి వచ్చిన పదార్థం తిరిగి కంటి దగ్గరకే చేరింది. ముఖానికి వాడే హయలూరానిక్ ఫిల్లర్‌కు అమెరికాలో తొలి అనుమతి 2003లో వచ్చింది. కంటి కింద చర్మం చాలా పల్చన. జెల్ పైపైన పడితే నీలి చాయగా కనబడుతుంది, నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. కొన్ని నెలల్లో పోతుందని చెప్పే జెల్ ఏళ్ల తరబడి ఉండిపోవడం కూడా వైద్యులు స్కానింగుల్లో చూశారు.

ఇంతకన్నా ఘోరమైనది రక్తనాళంలో పడడం. కనుబొమల మధ్య, ముక్కు చుట్టూ ఉన్న సన్నని ధమనులకు కంటికి రక్తం తెచ్చే ధమనితో సంబంధం ఉంది. సూది వాటిలో ఒకదానిలో దిగి, జెల్‌ను గట్టిగా నొక్కితే అది వెనక్కి ఎదురునడిచి కంటి తెరకు రక్తం ఆపగలదు. రక్తం అందని కంటి తెర గంట, గంటన్నరకు మించి నిలవడం కష్టం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రమాదం గురించి 2015 మే నెలలో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. వందేళ్ల కిందట మైనంతో చూపు పోయిన దారి కూడా ఇదే. పదార్థం మారింది, ధమనులు మారలేదు గదా! ఇంజెక్షన్ తర్వాత చర్మం తెల్లగా పాలిపోవడం, విపరీతమైన నొప్పి, చూపు మసకబారడం కనిపిస్తే ఇంటికి వెళ్లి ఐసు పెట్టుకునే వ్యవహారం కాదు. ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

కాగితం

హయలూరానిక్ జెల్‌కు విరుగుడు ఉంది. హయలూరొనిడేజ్ అనే ఎంజైమును ఎక్కిస్తే అది కరుగుతుంది. కానీ అక్కడున్నది సిలికోన్ అయితే ఆ విరుగుడు పనిచేయదు. డాక్టరు గారు "ఏం ఎక్కించారు" అని అడిగింది అందుకు. మా మేనకోడలు ఆ క్లినిక్‌కు మళ్లీ వెళ్లింది. సూది వేసినాయన అక్కడ లేడన్నారు. కేసు షీటు లేదన్నారు. సంతకం చేయించుకున్న కాగితం ఒకటి చూపించారు. అందులో ఏదైనా జరిగితే తమ బాధ్యత లేదన్న మాట ఉంది గాని, మందు పేరు లేదు.

ఇక్కడ మీరు తెలుసుకోవలసిన చట్టపరమైన విషయాలు కొన్ని ఉన్నాయి. రోగి తన వైద్య రికార్డులు అడిగితే డాక్టరు 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి చెప్పింది. ప్రైవేటు వైద్యశాలలు నమోదు కావాలని మన రాష్ట్రంలో అదే 2002లో చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు ఇచ్చింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, చికిత్స స్వభావం, దాని ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి చెప్పి తీసుకున్నదే సమ్మతి అని వివరించింది. అంటే చుక్కల గీత మీద పెట్టించుకున్న ప్రతి సంతకమూ సమ్మతి కాదు. ఇంగ్లండులోనైతే 18 ఏళ్లలోపు వారికి సౌందర్యం కోసం బొటాక్స్, ఫిల్లర్లు ఇవ్వడాన్ని 2021 అక్టోబరు నుంచి చట్టం నిషేధించింది.

అయితే ఈ చట్టాలన్నీ ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగినప్పుడే కదులుతాయి. మన ఊళ్లలో అడగరు. కాన్పులో తప్పు జరిగితే ఆసుపత్రి ముందు కూర్చునే బంధుగణం, ముఖానికి సూది వేయించుకుని దెబ్బతిన్న ఆడపిల్లతో, "నిన్నెవరు వేయించుకోమన్నారు" అంటుంది. నేనూ మొదట ఫోన్‌లో దాదాపు అదే మాట అన్నాను. ఆ సిగ్గు వల్ల ఈ చరిత్రకు మన దగ్గర ఆధారాలు మిగలడం లేదు. కళ్లకలకగా, ఎలర్జీగా, నిద్రలేమిగా మారుపేర్లతో కలిసిపోతున్నాయి. 1911లో కోల్ రాసినంత పట్టిక కూడా తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి ఎవరూ రాయలేదు.

డాక్టరు గారు చివరకు అల్ట్రాసౌండ్ చేయించి, అది హయలూరానిక్ జెల్ అయి ఉండవచ్చని అంచనా వేశారు. ఎలర్జీ పరీక్ష చేసి, విరుగుడును చాలా కొద్దిగా రెండు విడతలు ఇచ్చారు. గడ్డ సగానికి పైగా తగ్గింది. మిగిలింది పీచులా గట్టిపడిన కణజాలమో, కరగని మరో పదార్థమో చెప్పలేమన్నారు. ఫిల్లర్ పెట్టె మీద బ్యాచ్ నంబరుతో అంటించిన చీటీ ఉంటుంది, దాన్ని చింపి రోగి చీటీ మీద అంటించి ఇవ్వడం మంచి క్లినిక్‌లలో ఆనవాయితీ అని కూడా ఆయనే చెప్పారు. వేలెడంత చీటీ!

ఇప్పుడామె దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. నేనే కొనిచ్చాను. ఏ తేదీన రెప్ప వాలింది, ఏ తేదీన లేచింది, గడ్డ ఎప్పుడు ఎంత ఉంది, ఎవరికి చూపించింది అన్నీ వరసగా రాసింది. పక్కన ఫొటోలు అంటించింది. మొదటి పేజీలో, ఎక్కించిన పదార్థం, పరిమాణం, చోటు అన్న మూడు గళ్లు గీసింది. చోటు మాత్రం నింపగలిగింది.

కృత్యం: మీ కుటుంబంలోగాని, ఇరుగుపొరుగునగాని ఏదైనా చికిత్స పొందిన ఒకరి అనుమతి తీసుకుని, వారి దగ్గరున్న చీటీలు, రసీదులు, తేదీలు గల ఫొటోల ఆధారంగా ఒక పేజీ కాలక్రమం తయారు చేయండి. కాగితం చెప్పేది ఒక రంగులో, మనిషి జ్ఞాపకం చెప్పేది మరో రంగులో రాయండి. పేర్లు రాయకండి. తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.